కోన్ ట్యాకిల్ చేయదు: రగ్బీ సెలక్టర్లకు ఒక పీడీ రాస్తున్న బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో రగ్బీ సెలక్షన్లు జరిపే పెద్దలకు, జిల్లా జట్ల కోచ్‌లకు, మెడలో విజిల్ వేసుకుని ఎండలో నిలబడే తోటి పీఈటీ, పీడీ మిత్రులకు నమస్కారం.

నేను ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పీడీని, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్ని. ఊరి పేరు, జిల్లా పేరు రాయడం లేదు. రాస్తే ఈ ఉత్తరం ఒక సెలక్షన్ మీద, ఒక కమిటీ మీద పితూరీ అయిపోతుంది. నేను చెప్పబోయేది ఒకరి తప్పు గురించి కాదు, మనందరికీ అలవాటైపోయిన ఒక పద్ధతి గురించి. నేనూ చాలా ఏళ్లు అదే పద్ధతిలో పిల్లల్ని ఏరాను.

పోయిన సీజన్‌లో మా పిల్లలు తొమ్మిది మందిని సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) సెలక్షన్‌కి తీసుకెళ్లాను. రాత్రంతా బస్సు, పొద్దున ఏడింటికి గ్రౌండ్. ముందు 40 మీటర్ల పరుగు పెట్టారు. తర్వాత ‘ఎజిలిటీ టెస్ట్’ అన్నారు. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, మూలలకు నాలుగు కోన్లు (గుర్తు కోసం పెట్టే ప్లాస్టిక్ శంకువులు), నడిమధ్యన వరసగా ఇంకో నాలుగు. బోర్లా పడుకుని, విజిల్ వినగానే లేచి పరిగెత్తి, మధ్య కోన్ల చుట్టూ పాములా తిరిగి రావాలి. మనందరికీ తెలిసిన ఇల్లినాయ్ టెస్టే. మావాడొకడు ఊళ్లో పేరున్న కబడ్డీ రైడర్. రెండో కోన్ దగ్గర దారి తప్పి, మళ్లీ అందుకుని, 18 సెకన్లు దాటాక వచ్చాడు. ఇంకో జిల్లా నుంచి వచ్చిన 400 మీటర్ల కుర్రాడు 16 సెకన్ల లోపే చుట్టేశాడు. జాబితాలో వాడి పేరు ఉంది, మావాడి పేరు లేదు.

జాబితా గోడకు అంటించాక బస్సుకి ఇంకా రెండు గంటల టైముంది. పిల్లలు ఊరుకుంటారా? వాళ్లంతట వాళ్లే జట్లు పంచుకుని టచ్ రగ్బీ (పడగొట్టడం లేకుండా, తాకితే చాలనే ఆట) మొదలుపెట్టారు. ఎంపికైన ఆ 400 మీటర్ల కుర్రాడు ఒక వైపు, మావాడు ఇంకో వైపు. అరగంటలో మావాడు ఆ కుర్రాణ్ని నాలుగుసార్లు నిలబెట్టి పక్కనుంచి వెళ్లిపోయాడు. నాలుగోసారి ఆ కుర్రాడికే నవ్వొచ్చి చేతులెత్తేశాడు. చూడ్డానికి సెలక్టర్లు లేరు, అప్పటికే వెళ్లిపోయారు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మీలో కొందరు అనుకుంటారు. అనుకోండి. కానీ ఆ రెండు గంటలూ గ్రౌండ్ గట్టు మీద కూర్చుని నేను ఆలోచించింది మావాడి గురించి మాత్రమే కాదు. పొద్దున మనం కొలిచిందేమిటి, సాయంత్రం నేను చూసిందేమిటి, రెంటికీ ఒకటే పేరెందుకు పెట్టుకున్నాం?

ఇల్లినాయ్ టెస్ట్‌లో మొత్తం దూరం దాదాపు 60 మీటర్లు. అందులో 40 మీటర్లు తిన్నగా పరిగెత్తడమే. తిన్నగా బాగా పరిగెత్తేవాడు అక్కడే టైము మిగుల్చుకుంటాడు. మిగిలిన మలుపులు కూడా ముందే తెలిసినవి. ఏ కోన్‌ని ఎటు నుంచి తిరగాలో పడుకుని ఉన్నప్పుడే వాడికి తెలుసు. దాన్ని దిశ మార్చే వేగం అనవచ్చు, అదీ కావాల్సిందే. కానీ ఎజిలిటీ అంటే అది కాదు. ఎదురుగా ఏదో జరగాలి, దాన్ని చూసి, దానికి తగ్గట్టు ఒంటిని మొత్తంగా తిప్పాలి లేదా వేగం మార్చాలి. క్రీడాశాస్త్రం చదివినవాళ్లు ఇరవై ఏళ్ల కిందటే ఈ తేడా గీసిపెట్టారు. చూడటం, తేల్చుకోవడం, తిరగడం అనే మూడూ కలిస్తేనే ఎజిలిటీ. మనం మూడోదాన్ని మాత్రం, అదీ సగమే కొలుస్తున్నాం.

మనకు ఇది కొత్త విషయమేం కాదు, ఖోఖో చూడండి. తరిమేవాడు ఒక వైపు అడుగేశాడంటే స్తంభం దాకా అటే పోవాలి, వెనక్కి తిరగకూడదు. పరిగెత్తేవాడికి ఆ కట్టుబాటు లేదు, కూర్చున్నవాళ్ల మధ్యనుంచి ఎటైనా దూరతాడు. అందుకే మంచి రన్నర్ తరిమేవాడి మొదటి అడుగు కోసమే కాచుకుని ఉంటాడు. ఆ అడుగు పడిన క్షణాన పని అయిపోయింది. రగ్బీలో సైడ్‌స్టెప్ కూడా సరిగ్గా అదే. డిఫెండర్ బరువు ఒక కాలి మీద పడే క్షణం కోసం చూడాలి, పడగానే రెండో వైపు పోవాలి. కోన్‌కి కాలూ లేదు, బరువూ లేదు. దాని ముందు ఏం చూడటం నేర్చుకుంటాడు పిల్లాడు?

ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ (జట్టుకి పదమూడు మంది ఆడే రకం) ఆటగాళ్లను పై స్థాయి, కింది స్థాయి అని రెండు గుంపులు చేసి 2008లో పరీక్షించారు. ముందే తెలిసిన మలుపుల టెస్టుల్లో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎదురుగా మనిషి కదిలి, వాణ్ని చూసి దిశ తేల్చుకోవాల్సిన టెస్టులో మాత్రం పై స్థాయివాళ్లు స్పష్టంగా ముందున్నారు. అంటే మనం వాడుతున్న జల్లెడ కళ్లు ఎంత పెద్దవంటే గింజా పొట్టూ రెండూ ఒకలాగే రాలిపోతున్నాయి.

అలాగని సత్తువ అక్కర్లేదని నేననడం లేదు. అది కూడా సరైన చోట వెతకమంటున్నాను. ఒక చిన్న లెక్క చేద్దాం. అరవై కిలోల పిల్లాడు సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తున్నాడు. వేగం తగ్గకుండా ఒక్క అడుగులో 45 డిగ్రీలు తిరగాలి. పాదం నేలమీద ఉండేది సుమారు 0.2 సెకన్లు. ఆ కాస్త సమయంలో వాడు నేలను పక్కకి తొయ్యాల్సిన బలం దాదాపు 1,380 న్యూటన్లు, మన భాషలో 140 కిలోల బరువంత. ఇది తన ఒంటి బరువు మొయ్యడానికి అదనం, అదీ ఒక్క కాలి మీద. అదే ముందు వరసల్లో తోపులాడే 90 కిలోల ఫార్వర్డ్ అయితే 210 కిలోలు. అందుకే బరువున్నవాడు తిరగలేకపోవడం బద్ధకం కాదు, లెక్క. వాడికి కాలి బలం అదే దామాషాలో పెరగాలి. లేదా వాడు తిరగాల్సిన అవసరం లేని ఆట ఆడాలి. 1995 ప్రపంచ కప్ సెమీఫైనల్లో, కేప్‌టౌన్‌లో, ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకి ఆనించడం) చేసిన న్యూజీలాండ్ ఆటగాడు జోనా లోము దాదాపు 120 కిలోలు ఉండేవాడు. అడ్డొచ్చిన ఇంగ్లండ్ ఆటగాడు మైక్ క్యాట్‌ని తప్పించుకోలేదు, మీదనుంచే పోయాడు. ఆ ఒంటికి అదే సులువు.

ఇప్పుడు అదే అరవై కిలోల పిల్లాడు తిరిగే ముందు రెండడుగుల్లో వేగాన్ని 4 మీటర్లకు తగ్గించుకున్నాడనుకోండి. కావాల్సిన బలం 94 కిలోలకు దిగిపోతుంది. అంటే తిరగడం కంటే ముందు ఆగడం రావాలి. పరుగుకి ఇంజిన్ ఎంతో, ఎజిలిటీకి బ్రేకు అంత. మనం మాత్రం మన పిల్లల బ్రేకులు ఎప్పుడూ పరీక్షించం.

బ్రేకంటే కండరం సాగుతూనే బలం పెట్టడం. దిగుడు బావి మెట్లు గబగబా దిగేటప్పుడు తొడల్లో పనిచేసేది ఆ బలమే. మన వ్యాయామశాలల్లో తరతరాలుగా ఉన్న బస్కీలు మంచివే. కానీ మనం వాటిని వేగంగా, సంఖ్య కోసం, రెండు కాళ్ల మీదే తీయిస్తాం. నేనిప్పుడు ముప్ఫై తీయించే చోట ఎనిమిదే తీయిస్తున్నాను. నాలుగు లెక్కపెట్టేదాకా మెల్లగా దిగాలి, లేవడం మాత్రం ఒక్క ఊపున. కొన్నాళ్లు పోయాక ఒంటికాలి మీద. తొడ వెనక కండరాలకి మోకాళ్ల మీద నిలబెట్టి, వెనకనుంచి ఒకడు చీలమండలు పట్టుకుంటే, నడుము వంచకుండా మెల్లగా ముందుకి వాలి చేతులమీద పడటం చేయిస్తాను. మొదటి వారం పిల్లలు మెట్లు దిగలేక నన్ను తిట్టుకుంటారు, నాకు వినపడేలాగే. తర్వాత అలవాటు పడతారు. గట్టు మీదనుంచి దూకి ఒంటికాలిమీద కదలకుండా ఆగడం కూడా చేయిస్తాం, ఎత్తు మోకాలికి మించకుండా. దీనికి జిమ్ అక్కర్లేదు.

సత్తువ ఎంతున్నా ఒడుపు లేకపోతే అది నేలలోకి సరైన వైపు పోదు. ఇక్కడే మన కోచింగ్‌లో పెద్ద ఖాళీ ఉంది. ‘ఒరేయ్, డాడ్జ్ చెయ్‌రా’ అని అరుస్తాం గాని, ఎలా చెయ్యాలో ఎవరం చెప్పం. వీడియో తీసి, సెల్‌ఫోన్లో మెల్లగా తిప్పి చూస్తే మూడు నాలుగు విషయాలు మామూలు కంటికే కనిపిస్తాయి. బాగా తప్పించుకునేవాడు తిరిగే ముందు అడుగులు చిన్నవి చేసుకుంటాడు, నడుము కాస్త కిందికి దించుతాడు. తోసే పాదాన్ని ఒంటి గీతకి బయటగా, పక్కకి పెడతాడు. తల, ఛాతీ అప్పటికే కొత్త దిక్కుకి సిద్ధంగా ఉంటాయి. తోశాక మొదటి అడుగు పొడుగ్గా కాక, పొట్టిగా, గట్టిగా పడుతుంది. రానివాడు చివరి క్షణందాకా నిటారుగా వచ్చి, కాలు బారచాపి, మడమ మీద బ్రేకేస్తాడు. వాడు తిరుగుతాడు గాని, తిరిగాక నిలబడిపోతాడు. రగ్బీలో నిలబడినవాడు దొరికినవాడే.

ఆ పక్కకి పెట్టే పాదం గురించి ఆస్ట్రేలియాలోనే రగ్బీ యూనియన్ (జట్టుకి పదిహేను మంది ఆడే రకం) ఆటగాళ్ల మీద 2010 ప్రాంతంలో వచ్చిన పరిశీలన ఒకటి నాకు బాగా నచ్చింది. ఒకే ఆటగాడు, ముందే అనుకున్న దిక్కుకి తిరిగినప్పుడు ఒకలా, ఎదురుగా డిఫెండర్‌ని చూసి తిరిగినప్పుడు ఇంకోలా పాదం పెడుతున్నాడు. మనిషి ఎదురొచ్చినప్పుడు పక్కకి కదిలే వేగం తగ్గిపోతోంది. అంటే కోన్ల మధ్య నేర్పిన ఒడుపు కోన్ల మధ్యే ఉండిపోతోంది. ఈత పుస్తకం చదివి చెరువులో దూకినట్టు.

ఎంత దూరంలో తిరగాలి అన్నది ఇంకో ప్రశ్న. దీనికీ లెక్కే చెప్తాను, పిల్లలకి ఇది భలే నచ్చుతుంది. మనవాడు సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తున్నాడు, డిఫెండర్ 3 మీటర్ల వేగంతో ఎదురొస్తున్నాడు. ఇద్దరి మధ్య దూరం సెకనుకు 9 మీటర్లు తరుగుతోంది. డిఫెండర్ మన కదలికని చూసి ఒంటిని కదిలించడానికి పావు సెకను పట్టిందనుకుందాం. ఆ పావు సెకనులో దూరం రెండుంపావు మీటర్లు తరిగిపోతుంది. అంటే రెండు, మూడు మీటర్ల దగ్గర స్టెప్ వేస్తే వాడు తేరుకునేలోపు మనవాడు వాడి భుజం పక్కన ఉంటాడు. ఐదు మీటర్ల ముందే వేస్తే వాడికి తీరిగ్గా సర్దుకునే టైము ఇచ్చినట్టు. మీటరు దాకా వచ్చి వేస్తే వాడు చెయ్యి చాస్తే చాలు. మైదానంలో టేపు పట్టుకుని రెండున్నర మీటర్ల దగ్గర సున్నంతో గీత గీసి, అక్కడ డిఫెండర్‌ని నడిపిస్తూ మొదలుపెట్టండి. వారంలో పిల్లల కళ్లకి ఆ దూరం పట్టుబడుతుంది. గీత చెరిపేయండి.

2019 నవంబర్ 2న యొకొహామాలో ప్రపంచ కప్ ఫైనల్ గుర్తుందా? దక్షిణాఫ్రికా 32, ఇంగ్లండ్ 12. ఆఖర్లో టచ్‌లైన్ పక్కన బంతి అందుకున్న చెస్లిన్ కోల్బే ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్‌ని ఆడించి లోపలికి తిరిగిపోయాడు. కోల్బే ఐదడుగుల ఎనిమిది అంగుళాలు కూడా ఉండడు. ఆ ముక్కని నేను పిల్లలకి యాభైసార్లయినా చూపించి ఉంటాను. కోల్బే పాదాలు చూడొద్దురా, ఫారెల్ తుంటి చూడండి అంటాను. ఫారెల్ తుంటి ఎటు తెరుచుకుందో దానికి రెండో వైపే కోల్బే పోయాడు. ట్యాకిల్ చెయ్యాల్సినప్పుడు, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి పడగొట్టాల్సినప్పుడు కూడా ఇదే సూత్రం తిరగేసి చెప్తాను. ఎదుటివాడి కళ్లూ భుజాలూ అబద్ధం చెప్తాయి, నడుము చెప్పదు. అనుభవమున్న రగ్బీ ఆటగాళ్లు దొంగ స్టెప్పులకి తక్కువ మోసపోతారని వీడియోలు చూపించి చేసిన పరీక్షల్లోనూ తేలింది. అది పుట్టుకతో వచ్చే కన్ను కాదు, వేల సార్లు చూసిన కన్ను.

ఇక్కడ మన కబడ్డీ పిల్లల గురించి రెండు మాటలు. వాళ్లకి ఆ కన్ను ఉచితంగా వచ్చింది. కూత మీద ఉండి, 30 సెకన్లలో ఏడుగురి కాళ్లు, చేతులు కనిపెట్టుకుంటూ గీత దాకా వెళ్లి రావడమంటే మాటలు కాదు. కానీ వాళ్ల కోర్టు 13 మీటర్లు బై 10, అందులో సగమే. వాళ్లెప్పుడూ సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో వచ్చి తిరగలేదు. 100 మీటర్ల రగ్బీ మైదానంలోకి వచ్చాక వాళ్లకి రానిది చూడటం కాదు, ఆగడం. అథ్లెటిక్స్ నుంచి వచ్చినవాళ్లకి ఇంజిను ఉంది, బ్రేకూ లేదు, కన్నూ లేదు. ఈ రెండు రకాల పిల్లలకి ఒకే కోన్లు, ఒకే స్టాప్‌వాచ్ పెట్టి ‘వీడు మంచోడు, వాడు కాదు’ అంటే ఎలా చెప్పండి. ఇద్దరికీ ఏది తక్కువో కనుక్కుంటే ఆరునెలల్లో ఇద్దరూ పనికొస్తారు.

బంతి సంగతి మరిచిపోయేవాణ్ని. మన టెస్టులన్నీ ఖాళీ చేతులతోనే. బంతి రెండు చేతుల్లో పట్టుకుంటే చేతులు ఊగవు, కొంత వేగం పోతుంది. కానీ రెండు చేతుల్లో ఉన్నంతసేపూ పాస్ ఇస్తాడా, ఇవ్వడా అని డిఫెండర్ సందేహంలో ఉంటాడు, ఆ సందేహమే వాడి కాళ్లకి బేడీ. మన పిల్లలు బంతి దొరకగానే కుడి చంకలో ఇరికించుకుని పారిపోతారు, ఎటు పోయినా కుడి చంకే. తప్పించుకునే వైపుని బట్టి బంతి చెయ్యి మార్చడం, డిఫెండర్‌కి దూరంగా ఉన్న చేతిలో బంతి ఉండటం, ఖాళీ చేత్తో వాణ్ని తోసెయ్యడం, ఇవన్నీ ఎజిలిటీలో భాగమే. బంతి లేకుండా కొలిచినప్పుడు ఇవేవీ కనపడవు.

ఇంకో విషయం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

కొన్నేళ్ల కిందట ఒక సెలక్షన్ మ్యాచ్‌లో మా కాలేజీ అమ్మాయి ఒకామె మోకాలు పోయింది. ఎవరూ ఆమెను తాకలేదు. ఎదురొచ్చిన డిఫెండర్‌ని చూసి ఆఖరి క్షణంలో తిరగబోయింది. కాలు బాగా పక్కకి చాపింది, మోకాలు దాదాపు నిటారుగా ఉంది, ఒళ్లు రెండో వైపుకి వాలింది. గట్టు మీదున్న నాకు కూడా చప్పుడు వినిపించింది. ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని కట్టి ఉంచే స్నాయువు. ఆపరేషను, తొమ్మిది నెలలు. తర్వాత వాళ్లింట్లో మళ్లీ ఆటలకి పంపలేదు, నేను అడగలేదు కూడా. ఆ మైదానం మొరం నేల, ఆమె కాళ్లకి ఎవరో ఇచ్చిన, ఒక సైజు పెద్ద బూట్లు. కానీ అసలు సంగతి, అలా తిరగకూడదని ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. నాకే తెలియదు.

తర్వాత తెలుసుకున్నాను. ముందే తెలిసిన మలుపు కంటే అప్పటికప్పుడు చూసి తిరిగే మలుపులో మోకాలిని మెలితిప్పే, లోపలికి వంచే బలాలు చాలా ఎక్కువని వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో 2001లోనే కొలిచి చూపించారు. పాదం ఒంటికి దూరంగా పడటం, ఒళ్లు రెండో వైపు వాలడం ఆ బలాలని పెంచుతాయని అక్కడే తర్వాత తేలింది. ఆరు వారాలు ఒడుపు మార్చి నేర్పితే మోకాలిని లోపలికి వంచే బలం మూడో వంతుకు పైగా తగ్గింది కూడా. ఆడపిల్లల్లో ఏసీఎల్ దెబ్బలు మగపిల్లల కంటే ఎక్కువని ఆటలతో సంబంధమున్న ప్రతి డాక్టరూ చెప్తారు.

ఇక్కడ కోచ్‌గా నాకు రెండు మనసులున్న మాట దాచను. డిఫెండర్‌ని దాటాలంటే పాదం పక్కకి పడాలి అని పైన నేనే రాశాను. మోకాలు బతకాలంటే మరీ పక్కకి పడకూడదు అంటున్నదీ నేనే. రెండూ నిజమే. ఇన్నాళ్లకి నాకు తట్టిన దారి ఒకటుంది. వెడల్పు కాలు చాపి తెచ్చుకోకూడదు, నడుము దించి తెచ్చుకోవాలి. నడుము దిగితే మోకాలు దానంతటదే వంగుతుంది. వంగిన మోకాలికి తొడ కండరాలు కాపలా ఉంటాయి, నిటారు మోకాలికి ఎముకా స్నాయువే దిక్కు. ఛాతీ పోవాల్సిన వైపే చూడాలి. బ్రేకు ఆ ఒక్క అడుగులో కాకుండా ముందు రెండడుగుల్లో పంచుకోవాలి. పరిశోధకులు దీనితో ఒప్పుకుంటారో లేదో గాని, మా మైదానంలో అప్పటినుంచి మోకాలు పోయినవాళ్లు లేరు. నేలని ఇప్పుడు నీళ్లు చల్లించి దున్నిస్తున్నాం, అందువల్ల కూడా కావచ్చు.

నేల అనగానే పిల్లల బూట్లు గుర్తొస్తాయి. 140 కిలోల పక్కతోపుకి పాదం జారకుండా ఉండాలంటే స్టడ్స్ (బూట్ల అడుగున ఉండే బొడిపెలు) నేలని పట్టుకోవాలి. కాన్వాస్ బూట్లతో పొడి మట్టిలో పరిగెత్తినవాడు ఒంటి తెలివితోనే జాగ్రత్త పడి మలుపు గుండ్రం చేసుకుంటాడు. వాడి టైము పెరుగుతుంది. బూట్లున్నవాడితో వాణ్ని పోల్చి ఎజిలిటీ తక్కువ అని రాసుకోవడం అంటే వాళ్ల నాన్న జేబుని కొలవడమే.

పద్నాలుగు, పదిహేనేళ్ల మగపిల్లల విషయంలో తొందరపడకండి అని కూడా చెప్పాలి. ఏడాదిలో నాలుగైదు అంగుళాలు పెరిగినవాడికి తన కాళ్లు తనవి కానట్టే ఉంటాయి. నిరుడు గడ్డిపోచలా తిరిగినవాడు ఈ ఏడు తడబడతాడు. అది పోయేదే, ఆ ఒక్క ఏడూ వాణ్ని తీసెయ్యకుంటే చాలు. అమ్మాయిల్లో ఈ దశ రెండేళ్లు ముందే వచ్చిపోతుంది.

ఇప్పుడు నేనడిగేది. కోన్లు పారేయమనడం లేదు. దిశ మార్చే వేగం కొలవాలనుకుంటే 505 టెస్ట్ పెట్టండి. పది మీటర్లు ఊపందుకుని వచ్చి, ఇంకో ఐదు మీటర్లు పోయి, గీత తొక్కి తిరిగి ఐదు మీటర్లు రావాలి. టైము ఆ చివరి పోను ఐదు, రాను ఐదుకి మాత్రమే. అది కుడికాలి మీద ఒకసారి, ఎడమకాలి మీద ఒకసారి. ప్రతివాడికీ ఒక చేతగాని కాలు ఉంటుంది, అదేదో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఆ టైములోంచి వాడి 10 మీటర్ల పరుగు టైము తీసేయండి. ఒకడికి 505లో 2.45 సెకన్లు, పది మీటర్ల పరుగు 1.70 అనుకుందాం. ఇంకొకడికి 2.50, పరుగు 1.90. స్టాప్‌వాచ్ మొదటివాడు గొప్ప అంటుంది. కానీ తిరగడానికి మొదటివాడు ఖర్చుపెట్టింది 0.75, రెండోవాడు 0.60 మాత్రమే. ఈ తీసివేతకి కాగితం, పెన్సిలు చాలు.

దాని తర్వాత మనిషిని నిలబెట్టండి. పది మీటర్ల వెడల్పున రెండు గీతలు, మధ్యలో ఒక డిఫెండర్, ఎదురుగా బంతితో ఒక కుర్రాడు. తలా ఆరుసార్లు దాటే ప్రయత్నం, తలా ఆరుసార్లు ఆపే ప్రయత్నం, ప్రతిసారీ ఎదుటివాడు మారాలి. ట్యాకిల్ వద్దనుకుంటే టచ్ చాలు. ఎన్నిసార్లు దాటాడు, ఎన్నిసార్లు ఆపాడు, అంతే రాసుకోండి. సెకన్లు వద్దు. వంద మంది పిల్లలొస్తే టైము సరిపోదని మీరంటారని తెలుసు. నాలుగు గళ్లు గీసి నాలుగు చోట్ల ఒకేసారి జరిపిస్తే రెండు గంటల పని, మా మైదానంలో జరిపి చూసే చెప్తున్నాను. వీలైతే అదే ఆటని చివర్లో, పిల్లలు అలిసిపోయాక ఇంకోసారి పెట్టండి. సెవెన్స్ టోర్నమెంట్లో ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు ఉంటాయి. పొద్దున పాదరసంలా ఉండి సాయంత్రానికి మైనంలా అయిపోయేవాడెవడో అప్పుడే తెలుస్తుంది. కానీ రాత్రి బస్సులో వచ్చినవాళ్లని ఏడింటికే నిలబెట్టకండి. అది అలసట పరీక్ష కాదు, దూరం ఊళ్లవాళ్లకి వేసే జరిమానా.

రాష్ట్రంలో రగ్బీకి మంచి రోజులొస్తున్నాయని నాకూ అనిపిస్తోంది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అని మన పేరుతో ఒక జట్టు ఆడింది. దాన్ని మా కాలేజీ పిల్లలు ఫోన్లో గుంపుగా చేరి చూశారు. వాళ్లలో సగం మందికి అప్పటిదాకా రగ్బీ అంటే కోడిగుడ్డు బంతితో కుస్తీ. ఫిజీ అని తొమ్మిది లక్షల చిల్లర జనాభా ఉన్న దేశం 2016 రియో ఒలింపిక్స్ సెవెన్స్ ఫైనల్లో బ్రిటన్‌ని 43-7తో ఓడించి బంగారం తీసుకుపోయిందని చెప్తే నమ్మలేదు, గూగుల్ చేసి చూసుకున్నారు. అక్కడ పిల్లలు ఊరి మైదానంలో ఒకరినొకరు తప్పించుకుంటూ పెరుగుతారు. మన ఊళ్లలో చెడుగుడు, ఖోఖో ఆడే పిల్లలూ అంతే కదా. తేడా ఎక్కడొస్తోందంటే, మనం వాళ్లని సెలక్షన్‌కి పిలిచి, ఎదుటివాణ్ని తీసేసి కోన్ పెడుతున్నాం.

మా కబడ్డీ కుర్రాడు ఈ సీజన్‌లోనూ వస్తాడు. బ్రేకు మీద ఆరునెలలుగా పనిచేస్తున్నాడు, 505లో వాడి ఎడమకాలు ఇంకా కుంటుతోంది, ఆ మాట నేనే మీకు ముందుగా చెప్తున్నాను. డిఫెండర్లుగా నిలబడటానికి మనుషులు లేరంటే, ఎంపిక కోసం కాకుండా ఊరికే ట్యాకిల్ ఆడటానికి మా సీనియర్లు నలుగుర్ని వెంట తీసుకొస్తాను. బస్సు ఛార్జీలు నేను చూసుకుంటాను. మధ్యాహ్నం భోజనం మాత్రం మీరే పెట్టాలి, కుర్రాళ్లు గట్టిగా తింటారు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ పీడీ